చనిపోయాక దేహాన్ని క్రయోనిక్స్‌లో ఉంచుకోవాలంటే: నెల్లూరు, ఒంగోలు నుంచి చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ప్రాణం పోయాక దేహాన్ని కాల్చరు, పూడ్చరు. మైనస్ 196 డిగ్రీల దగ్గర లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచుతారు. ఎప్పటికైనా వైద్యం అంతగా ఎదిగితే లేపుతారన్న ఆశతో చేసే పని ఇది, పేరు క్రయోనిక్స్. 1967 జనవరి 12న అమెరికాలో జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే సైకాలజీ ప్రొఫెసర్‌తో మొదలైంది. ఆయన దేహం ఇప్పటికీ అరిజోనాలో భద్రంగా ఉంది. అయితే ఇన్నేళ్లలో ఒక్కరినీ లేపలేదు. లేపే పద్ధతి ఇంకా ఎవరి చేతికీ రాలేదు. ఈ సంగతి తెలిసే దిగాలి, ఇంట్లోవాళ్లకూ దాచకుండా చెప్పాలి.

అలా తెలిసి దిగదలచుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మన దేశంలో ఇలాంటి కేంద్రం లేదు. నెల్లూరులోనో కావలిలోనో కనిగిరిలోనో ఉంటూ ఈ ఏర్పాటు చేసుకోవాలంటే డబ్బొక్కటే చాలదు. మీరు లేని రోజున మీ మాట నిలబెట్టే మనిషి కావాలి. నా లెక్కలో ఆ మనిషి తర్వాతే డబ్బు, కాగితాలు, ఐస్, విమానం అన్నీ.

ముందు విషయం ఎంతవరకు నిజమో చూసుకోండి

లిక్విడ్ నైట్రోజన్ మన పల్లెలకు కొత్త కాదు. ఎదకొచ్చిన ఆవుకు సూది వేయించడానికి పశువుల ఆస్పత్రికి తోలుకెళ్లినవాళ్లంతా దాన్ని చూసే ఉంటారు. మా బాబాయి ఆ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ అంచుమీంచి కిందికి జారేది. పొడుగాటి పట్టకారుతో ఒంగోలు గిత్త వీర్యం నింపిన సన్నటి స్ట్రా ఒకటి పైకి తీసి, గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ముంచి, తడి తుడిచి, చివర కత్తిరించి గన్‌లో ఎక్కించేవాడు. ఆ ఒంగోలు గిత్త ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు, దాని దూడ మాత్రం కొట్టంలో గెంతుతూ ఉంటుంది.

అంటే కణాలు ఆ చలిలో ఏళ్ల తరబడి ఆగి, మళ్లీ పని మొదలుపెట్టగలవన్నది మన కళ్లముందే జరుగుతున్న సంగతి. మామూలుగా గడ్డకడితే కణంలోని నీరు మంచు ముళ్లుగా మారి గోడల్ని చీల్చేస్తుంది. గ్లిజరిన్ కలిపితే వీర్యకణాలు ఆ దెబ్బ తట్టుకుంటాయని బ్రిటన్ శాస్త్రవేత్తలు 1949లో ప్రకటించారు. గడ్డకట్టించి దాచిన పిండం నుంచి మొదటి బిడ్డ 1984లో ఆస్ట్రేలియాలో పుట్టింది. 2023లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీవాళ్లు ఎలుక కిడ్నీని మంచు కట్టకుండా గాజులా గట్టిపరిచి, 100 రోజుల దాకా దాచి, తిరిగి వెచ్చబరిచి ఇంకో ఎలుకకు అమర్చితే అది పనిచేసింది. మనిషి మెదడు దగ్గరకు వచ్చేసరికి ఇదంతా ఎక్కడో మొదటి మెట్టు. అయినా శూన్యం కాదు. నేను ఈ విషయాన్ని గౌరవించడానికి కారణం అదే.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటం

ఫారాలు నింపడం కంటే ఇది ముందు. చనిపోయిన మనిషి దేహం చట్టం దృష్టిలో ఆస్తి కాదు, కాబట్టి పొలం రాసినట్టు వీలునామాలో రాసేస్తే సరిపోదు. పైగా మనవైపు వీలునామా పెద్దకర్మ అయ్యాక గానీ బయటికి తీయరు. అప్పటికి బోడిగాడితోటలో దహనం అయిపోయి, అస్థికలు పెన్నలో కలిపేసి ఉంటారు.

భార్య లేదా భర్త, పెద్ద కొడుకు, కూతురు, మీ అన్నదమ్ములు, అప్పచెల్లెళ్లు, వీళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పండి. ఒక్కొక్కరికి విడివిడిగా చెబితే తర్వాత "నాకు అట్టా చెప్పలేదే" అనే మాట వస్తుంది. ఎక్కువగా వచ్చే అడ్డు సంస్కారం గురించే. "నాయనా, కొరివి పెట్టకుండా ఆ మనిషిని యాడికో పంపిస్తే ఆత్మ శాంతిస్తదా?" అని మీ అమ్మ అడిగితే ఆమెతో వాదనకు దిగకండి. దేహం దొరకని సందర్భాల్లో దర్భలతో ప్రతికృతి చేసి సంస్కారం జరిపే విధానం మన శాస్త్రాల్లో ఉంది. మీ పురోహితుడితో ముందే మాట్లాడి, ఆయన నోటితోనే ఇంట్లోవాళ్లకు చెప్పించండి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలైతే తమ మతపెద్దలతో ఇదే పని చేయాలి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే కనీసం అడ్డుపడబోమన్న మాట తీసుకోండి. ఆ రోజుకు అదే చాలు.

ఇంట్లో ఒకరు గట్టిగా కాదంటే ఎంత దూరం పోతుందో 2016లో లండన్ హైకోర్టులో కనిపించింది. క్యాన్సర్‌తో చనిపోబోతున్న 14 ఏళ్ల అమ్మాయి తన దేహాన్ని భద్రపరచాలని జడ్జికి ఉత్తరం రాసింది. తల్లి సరేనంది, తండ్రి మొదట కాదన్నాడు. దేహం విషయంలో నిర్ణయం తల్లిదేనని జడ్జి పీటర్ జాక్సన్ తేల్చారు, అమ్మాయి చనిపోయాక దేహాన్ని మిషిగన్‌కు పంపారు. అక్కడ కోర్టు వేగంగా కదిలింది. ఇక్కడ తెల్లవారితే చుట్టాలు దిగిపోతారు, ఎండ ఎక్కేలోపు ఎత్తేద్దామంటారు. ఆ తొందరలో మీ తరఫున నోరెత్తే ఒకరిని ఇప్పుడే అనుకోండి. చిన్నవాళ్లయి, ఇంగ్లిష్‌లో ఫోన్ మాట్లాడగలిగి, ఏడుస్తూ కూడా పని చేయగలిగినవాళ్లయితే మంచిది. చాలా ఇళ్లలో అలాంటి మనిషి అల్లుడో మేనకోడలో అయి ఉంటారు.

సంస్థను ఎంచుకోవడం

అమెరికాలో పాతవి రెండు. 1972లో మొదలైన ఆల్కర్, అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో ఉంది. 1976లో రాబర్ట్ ఎటింగర్ ప్రారంభించిన క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్, మిషిగన్‌లోని క్లింటన్ టౌన్‌షిప్‌లో ఉంది. 2011లో చనిపోయాక ఆయన దేహాన్నీ అక్కడే ఉంచారు. యూరప్‌లో టుమారో బయో బెర్లిన్ నుంచి పనిచేస్తుంది, దేహాలను స్విట్జర్లాండ్‌లోని రాఫ్జ్‌లో ఉంచుతుంది. ఆస్ట్రేలియాలో హోల్‌బ్రూక్ అనే ఊళ్లో సదరన్ క్రయోనిక్స్ ఉంది, వాళ్ల మొదటి దేహం 2024లో చేరింది.

ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. నిల్వ ఖర్చుకు విడిగా నిధి ఉందా, దాన్ని ఎవరు చూస్తున్నారు? ఇది ఊరికే చెప్పడం లేదు. 1970లలో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో కొన్ని దేహాలను ఇలాగే ఉంచారు. నైట్రోజన్ పోయించడానికి డబ్బు అయిపోయి అవి కరిగిపోయాయి. ఆ అనుభవం తర్వాతే సంస్థలు నిల్వ డబ్బును వేరుగా కట్టడి చేసుకున్నాయి. ఆల్కర్ 1997లో అందుకోసం ట్రస్టు పెట్టింది. రెండో ప్రశ్న: భారతదేశంలో చనిపోయినవాళ్లను ఏ స్థితిలో తీసుకుంటారు, ఏ స్థితిలో వచ్చిన దేహాన్ని తిప్పి పంపుతారు? జవాబు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా రావాలి.

డబ్బు

క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో జీవితకాల సభ్యులకు 28,000 డాలర్లు, ఏడాదికోసారి కట్టే సభ్యులకు 35,000 డాలర్లు. ఆల్కర్‌లో పూర్తి దేహానికి 2,20,000, తల మాత్రమే అయితే 80,000 డాలర్లు అని ప్రకటించారు. సభ్యత్వ రుసుములు, దూరదేశపు అదనపు ఖర్చులు వేరే. మిషిగన్ చవక కదా అని తేల్చేయకండి. ఆ మొత్తంలో చెన్నై నుంచి దేహం అక్కడికి చేరే ఖర్చు ఉండదు. రేట్లు మారుతుంటాయి, సంతకం పెట్టే రోజున మళ్లీ చూసుకోండి.

అమెరికావాళ్లు చాలామంది జీవిత బీమాతో ఈ డబ్బు కడతారు. మనకు అది అంత సులువు కాదు. మన బీమా చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతేనే డబ్బు వాళ్ల సొంతమవుతుంది. మిగతా నామినీలు వారసుల తరఫున తీసుకునేవాళ్లే. పైగా క్లెయిమ్ డబ్బు చేతికి రావడానికి పట్టే రోజులు మీ దగ్గర ఉండవు. అందుకని బతికుండగానే పంపేయడం మేలని నా అభిప్రాయం. రిజర్వ్ బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపొచ్చు. మీ బ్యాంకులో పాన్ కార్డు, ఫారం ఏ2, సంస్థ ఇచ్చిన ఇన్‌వాయిస్ ఇవ్వాలి. ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే పట్టే పన్ను) పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు అవుతుంది.

ఇక్కడి ఖర్చులకు వేరే ఖాతా తెరిచి, ముందు అనుకున్న ఆ మనిషితో జాయింటుగా పెట్టండి. ఇద్దరిలో ఎవరైనా తీసుకునే పద్ధతిలో ఉండాలి. అంబులెన్సు, ఐస్, కార్గో ఏజెంటు, పెట్టె, టికెట్లు, అన్నిటికీ ఆ రాత్రే డబ్బు కావాలి.

కాగితాలు

సంస్థ పంపే ఒప్పందాల్లో దేహాన్ని దానంగా ఇస్తున్నట్టు రాసి ఉంటుంది. సాక్షుల సంతకాలు, నోటరీ వాళ్లు చెప్పినట్టే చేయించండి. వీలునామాలో ఈ కోరికను తిరిగి రాసి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ తగాదా వస్తే బలంగా నిలుస్తుంది. ముందే చెప్పినట్టు వీలునామా ఒక్కటీ దేహాన్ని కదిలించలేదు. అందుకే విడిగా ఒక పేజీ తెలుగులో రాసి కుటుంబ సభ్యులందరి సంతకాలు తీసుకోండి. ఎస్సైకి, ఆస్పత్రి ఆర్‌ఎంఓకి, ఊరిపెద్దకు చూపించడానికి పనికొచ్చేది ఆ తెలుగు పేజీయే.

లివింగ్ విల్ కూడా రాయండి, అంటే మీరు చెప్పలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రం. సుప్రీంకోర్టు 2018లో దానికి చట్టబద్ధత ఇచ్చింది, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకుంటే చాలు. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉంచితే, రక్తం సరిగా అందక మెదడు ముందే పాడవుతుంది. ఆ తర్వాత ఎంత చలిలో పెట్టినా లాభం తక్కువ. అలాగే బ్రెయిన్ డెడ్ అయితే జీవన్‌దాన్ కింద అవయవాలు ఇస్తారా అని ఆస్పత్రివాళ్లు అడగవచ్చు. మీ జవాబేమిటో అందులోనే రాసి పెట్టండి. ఆ బరువు పిల్లల మీద పడేయకూడదు.

చివరి నెలలు

డాక్టర్లు జబ్బు నయం కాదని చెప్పాక, ప్రయాణం చేయగలిగే శక్తి ఉంటే, సంస్థ ఉన్న ఊరికి వెళ్లి అక్కడే ఉండటం అన్నిటికంటే మంచి మార్గం. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లు నెల్లూరులో చాలా ఉన్నాయి. వాళ్లకు ఇది అందని సంగతి కాదు. వీసా అధికారికి జబ్బు దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇక్కడే ఉండేట్టయితే ఇంటికి వచ్చి చూసే డాక్టరును ముందే మాట్లాడుకోండి. ఆయన ఏ అర్ధరాత్రయినా వచ్చి మరణాన్ని నిర్ధారించి, కారణం రాసివ్వాలి. ఆస్పత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే ఫారం 4ఏ. అనుమానాస్పదంగానో ప్రమాదంలోనో పోతే పోలీసు విచారణ, పోస్ట్‌మార్టం తప్పవు, అక్కడితో ఈ ప్రయత్నం దాదాపు ముగిసినట్టే. ఇంట్లో జబ్బుతో పోయిన మనిషికి కూడా కారణం రాసే డాక్టరు లేకపోతే ఆలస్యమవుతుంది. అందుకే చివరి నెలల చీటీలు, రిపోర్టులు అన్నీ ఒకే కవర్లో ఉంచండి.

మొదటి గంట

డాక్టరు ప్రాణం పోయిందని చెప్పి సంతకం పెట్టేదాకా ఎవరూ చెయ్యి వేయకూడదు. పెట్టాక ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు.

ఇక్కడ మన జిల్లాలకు ఒక మేలు ఉంది. రొయ్యల వ్యాపారం పుణ్యమా అని ఐస్ ప్లాంట్లు రాత్రింబవళ్లు నడుస్తాయి. ముత్తుకూరు, కావలి, కొత్తపట్నం వైపు ఎవరికి ఫోన్ చేసినా దిమ్మలు క్రషింగ్ చేసి బస్తాల్లో పోసి ఆటోలో పంపుతారు. ముందుగానే వెళ్లి ఓనరుతో మాట్లాడి నంబరు తీసుకోండి. ఎందుకో నిజం చెప్పండి. చావు ఇల్లంటే మనవాళ్లు బేరమాడరు, ఆలస్యం చేయరు.

మంచం మీద మందపాటి టార్పాలిన్ పరిచి, అంచులు నాలుగు వైపులా దిండ్లతో ఎత్తు చేసి తొట్టిలా తయారు చేయండి. దేహాన్ని అందులో ఉంచి ఐస్ ముక్కలు, వాటితోపాటు నీళ్లు పోయండి. వట్టి ఐస్ కంటే ఐస్ నీళ్లు ఒంటికి ఆనుకుని వేడిని చాలా త్వరగా లాగేస్తాయి. మొదట తల చుట్టూ, తర్వాత మెడ, చంకలు, గజ్జలు. చిన్న మోటారుతో ఆ నీళ్లనే తోడి తల మీద పోస్తుంటే ఇంకా మంచిది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వడం, మందు తిరగడానికి ఛాతీ నొక్కడం లాంటివి సంస్థవాళ్లు చెబుతారు. డాక్టరు ఒప్పుకుని దగ్గరుంటేనే అవి చేయండి.

టెంట్ హౌస్‌లో అద్దెకు దొరికే ఫ్రీజర్ బాక్సును నమ్ముకోవద్దు. అందులో చల్లగాలే తగులుతుంది, మెదడు దాకా చల్లబడటానికి గంటలు పడుతుంది. డ్రై ఐస్ నేరుగా ఒంటి మీద పెట్టడం అంతకంటే నష్టం. అది మైనస్ 78 డిగ్రీలు. మంచు కట్టకుండా కాపాడే రక్షక ద్రవాలు సంస్థవాళ్లు ఎక్కించకముందే గడ్డకడితే, కణాల్లో మంచు ముళ్లు లేచి అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. ఈ దశలో కావాల్సింది సున్నా దగ్గరి చల్లదనం, గడ్డకట్టడం కాదు.

చుట్టాలు వస్తారు, ఏడుస్తారు, ముట్టుకుంటారు. ముఖం చూపించండి గానీ ఐస్ తీయనివ్వకండి. ఎవరో ఒకరు మంచం పక్కనే నిలబడి కరిగిన చోట ఐస్ వేస్తూ ఉండాలి.

చెన్నై దాకా, అక్కడి నుంచి

నెల్లూరు నుంచి చెన్నై విమానాశ్రయం దాదాపు 180 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి ఇంకో 120 కలుపుకోండి. హైవే బాగుంది, అంబులెన్సు దొరుకుతుంది. ఆలస్యమంతా కాగితాల దగ్గరే. దేహాన్ని విదేశానికి పంపాలంటే మరణ ధ్రువపత్రం, పోలీసుల నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు, పెట్టెకు సంబంధించిన సర్టిఫికెట్ కావాలి. వీటిని ఒక్కరోజులో తేగల కార్గో ఏజెంటు చెన్నైలో ముందే కుదుర్చుకోవాలి. మరణాన్ని నమోదు చేయించడానికి చట్టం 21 రోజులు గడువిస్తుంది, మీరు మాత్రం ఆ రోజే చేయించుకోవాలి. మున్సిపల్ ఆఫీసులో, సచివాలయంలో ఆ పని చూసేవాళ్ల పేర్లు మీ మనిషికి తెలిసి ఉండాలి.

అసలు చిక్కు ఎంబామింగ్, అంటే దేహం పాడవకుండా ఫార్మలిన్ లాంటి మందు ఎక్కించడం. మన వైపు కార్గోవాళ్లు ఎంబామింగ్ సర్టిఫికెట్ అడుగుతారు. ఫార్మలిన్ ఎక్కించిన దేహంలోకి రక్షక ద్రవాలు సరిగా పోవు. అమెరికా ఆరోగ్య నిబంధనల్లో మాత్రం, క్వారంటైన్ అవసరమైన అంటువ్యాధితో పోలేదని మరణపత్రంలో ఉండి, కారని పెట్టెలో వస్తే ఎంబామింగ్ లేకపోయినా రానిస్తారు. కాబట్టి విమాన సంస్థనూ కార్గో ఏజెంటునూ మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడిగి, ఐస్‌తో చల్లబరిచిన దేహాన్ని తీసుకుంటారా, ఏ షరతుల మీద తీసుకుంటారో రాయించుకోండి. డ్రై ఐస్ విమానాల్లో ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంటుంది, దాని బరువు ముందే చెప్పాలి. విమాన సంస్థ కాదంటే, ఎంబామింగ్ అయిన దేహాన్నీ సంస్థ తీసుకుంటుందా, మీకు అది సమ్మతమేనా అని తేల్చుకోవాలి. నా మటుకు నేను ఆ స్థితిలో పంపమనను. అది ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవాల్సింది.

కుదరకపోతే

ప్రమాదాలు, వరదలు, రద్దయిన విమానాలు, ఇంట్లో మారిన మనసులు, ఏదైనా అడ్డురావచ్చు. అందుకే రెండో కోరిక కూడా రాసి ఉంచండి. నెల్లూరులో ఏసీఎస్ఆర్ ప్రభుత్వ వైద్య కళాశాల, చింతారెడ్డిపాలెంలో నారాయణ మెడికల్ కాలేజీ, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నాయి. దేహదానానికి అనాటమీ విభాగంలో అడగండి. ఫొటోలు, ఆధార్ నకలు, కుటుంబ సభ్యుల అంగీకార సంతకాలు సిద్ధంగా పెట్టుకుని వెళ్లండి. సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో చనిపోయినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇలాగే ఇచ్చారు. పోస్ట్‌మార్టం అయిన దేహాలను, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉన్నవాళ్ల దేహాలను సాధారణంగా తీసుకోరు. అప్పుడు కూడా పోస్ట్‌మార్టం కేసుల్లో కళ్లు ఇవ్వొచ్చు. ఆరు గంటల్లోపు ఐ బ్యాంకుకు ఫోన్ చేయాలి, ఈలోగా రెప్పలు మూసి తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు ఎత్తుగా పెట్టాలి.

ఇదంతా పర్సులో పట్టే కార్డు మీద తెలుగులో ఒకవైపు, ఇంగ్లిష్‌లో రెండోవైపు రాసి లామినేషన్ చేయించండి. పైన సంస్థ అత్యవసర నంబరు, మీ మనిషి నంబరు, డాక్టరు నంబరు, ఐస్ ప్లాంటు నంబరు. కింద వరస: మొదట క్రయోనిక్స్, కుదరకపోతే మెడికల్ కాలేజీ, అదీ కుదరకపోతే కళ్లు ఇచ్చి దహనం. అదే కార్డు నకలు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి, ఒకటి మీ మనిషికి ఇవ్వండి, సంక్రాంతికి అందరూ ఇంటికి వచ్చినప్పుడల్లా నంబర్లు పనిచేస్తున్నాయో లేదో ఫోన్ చేసి చూడండి.